ఎక్స్చేంజ్ కాగితంలో ఏడో లైను

ఖమ్మం బైపాస్ మీద షోరూం గేటుకు గుడ్డ కమాను కట్టారు. పాత బండి తెండి, కొత్త బండి తీసుకెళ్లండి అని దాని మీద మూరెడు అక్షరాలు. పక్కనే బల్ల వేసుకొని ఒకడు మైకులో అదే మాట పొద్దున్నుంచి అరుస్తున్నాడు. రూప్లి, ఆమె మొగుడు సోమ్లా ఆ కమాను కిందనుంచే లోపలికొచ్చారు. దమ్మపేట దగ్గర తమ తండానుంచి ఖమ్మం దాకా సోమ్లా ఎక్కడా నలభై దాటలేదు. గేటు దగ్గర జానెడు దిగుడు వస్తే దానికి కూడా రెండో గేరులోకి వేశాడు.

పెద్ద బండి అది. పదిమంది కూర్చోవచ్చని కంపెనీ కాగితమే చెబుతుంది. ముందునుంచి చూస్తే దున్నపోతు తల వంచుకొని నిలబడ్డట్టుంటుంది. గిరిజన ఆడవాళ్లకిచ్చే లోను మీద తీసుకున్నది కాబట్టి పేరు రూప్లిది, స్టీరింగు సోమ్లాది. మిరప కోతలొస్తే తండాల్లో, గూడేల్లో కూలి ఆడవాళ్లను ఎక్కించుకొని ముదిగొండ వైపు చేలల్లో దించాలి. కోతలయ్యాక మళ్లీ తేవాలి. మధ్యలో ఎవరికైనా నొప్పులొస్తే దవాఖానా. రెండేళ్లుగా అదే బతుకు.

ఆ బండికో రోగముంది. ఖాళీగా ఉన్నప్పుడు కనపడదు. పదిమంది ఎక్కి, ముందు పొడుగాటి దిగుడు పడి, నాలుగైదుసార్లు బ్రేకు తొక్కాక పెడల్ మెత్తబడుతుంది. ఆ తర్వాత తొక్కితే కాలితోపాటు కిందిదాకా పోతుంది. బండి ఆగదు. పంపు కొట్టినట్టు గబగబా తొక్కితే మళ్లీ పైకొస్తుంది. రెండుసార్లు అట్లాగే వచ్చింది. మూడోసారి రాలేదు. వాగు దిగుడులో సోమ్లా బండిని రోడ్డు దించి పామాయిల్ తోటలోకి తోలాడు. చెట్టుకు గుద్దుకొని ఆగింది. రూప్లి చెల్లెలు గోరికి మోచెయ్యి విరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి, ప్రాణాలు మిగిలాయి.

షోరూం వాళ్ల దగ్గరికి అంతకుముందే నాలుగుసార్లు తెచ్చారు. నాలుగుసార్లూ మెకానిక్ ఒక్కడే ఎక్కి బైపాస్ మీద ఒక చుట్టు తిప్పుకొచ్చి కాగితమిచ్చాడు. బ్రేక్ ఓకే. నాలుగు కాగితాలు, నాలుగు ఓకేలు. గోరి చెయ్యి విరిగాక వెళితే మేనేజర్ వెంకటకృష్ణ ఇంకో మాటన్నాడు. "బండిలో ఏం లేదండీ. ఓవర్‌లోడు, అడవి రోడ్లు, పైగా అడవి డ్రైవరు."

సోమ్లా పన్నెండేళ్లు లారీ నడిపినవాడు. ఆ రోజునుంచి అతను తన కాలినే అనుమానించడం మొదలుపెట్టాడు.

ఆ వెంకటకృష్ణే ఈ వారం ఫోన్ చేశాడు. మేళా పెట్టాం, మీ బండి తెండి, మంచి రేటు కడతా, అదే రోజు కొత్త బండి తాళాలిస్తా అని. ఆ రాత్రి సోమ్లాకు నిద్ర పట్టింది. ఈ పొద్దున దారిలో అదే మాట్లాడాడు.

"ఇచ్చి పారేద్దమే. పీడ పోతది."

"ఎవలికి పోతది?"

"ఎవలికో. మనకేంది? సోమారం కోతలు. కొత్త బండితోటి పోతం."

రూప్లికి కూడా అది కళ్లముందు ఉండకుండా పోతే చాలనిపించింది. అబద్ధమెందుకు, ఆ పొద్దున ఆమె కూడా అమ్మేసే మనసుతోనే బండెక్కింది.

వెంకటకృష్ణ సత్తుపల్లి వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "రండి రూప్లిగారూ, కూర్చోండి, కూర్చోండి" అని కుర్చీ జరిపాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు. పోయిన నెల గోరిని కట్టు చెయ్యితో తీసుకొచ్చినప్పుడు ఈ కుర్చీ ఎక్కడికి పోయిందో తెలియదు. ముగ్గురూ రెండు గంటలు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

కొత్త బండి తెల్లగా మెరుస్తోంది. సోమ్లా ఎక్కి బ్రేకు తొక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కి తొక్కాడు. "గట్టిగుందే" అన్నాడు రూప్లితో, మొహం వెలిగిపోతూ. ఏసీ గదిలో నిలబెట్టిన బండికి బ్రేకు గట్టిగా ఉండక ఏమవుతుంది? కానీ అతని సంతోషం చూసి ఆమె ఆ మాట అనలేకపోయింది. పాత బండి తాళంచెవి అతనే తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెట్టాడు. పనివాడొకడు వచ్చి బండిని వెనక దొడ్లోకి తీసుకెళ్లి, తాళంచెవి మళ్లీ అక్కడే పెట్టి పోయాడు.

వెంకటకృష్ణ కాగితాలు తీశాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. మూడు సంతకాలు. మిగతాదంతా మావాళ్లు నింపేశారు."

"నింపినోళ్లకు నా బండి సంగతి ఏమెరుక?"

"ఫార్మాలిటీ అమ్మా. అందరూ పెట్టేదే."

రూప్లి పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం పెదవులతో పలుకుతూ చదువుతుంది. నెమ్మదిగా చదువుతుంది. అట్లా చదివేవాళ్లతో వచ్చిన చిక్కేంటంటే వాళ్లు లైన్లు దాటేయరు. వెంకటకృష్ణ గడియారం చూసుకున్నాడు. ఫోన్ తీసి పెట్టాడు. ఆమె వేలు ఏడో లైను దగ్గర ఆగింది.

"సదరు వాహనములో నాకు తెలిసినంతవరకు ఎట్టి లోపమును లేదని ధ్రువీకరించుచున్నాను." ఆమె తలెత్తింది. "లోపమంటే ఏంది సారూ?"

"లోపమంటే... ఫాల్టు."

"ఐబా?"

"ఆఁ. ఐబే అనుకోండి."

ఆ మాట ఆమె ఎరిగినదే. ఆమె తండ్రి రాందాస్ ఎడ్ల బేరగాడు. సంతలో కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కప్పుకొని, దాని కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ధర ఎంత గుట్టయినా సరే, ఐబు మాత్రం తువ్వాల కప్పకముందే గొంతెత్తి చెప్పాలి. కుడి కాలు కుంటుతది. నీళ్లల్ల దిగదు. ఆడమనిషిని చూస్తే పొడుస్తది. నలుగురూ వినాలి. వాళ్ల తండా కట్టుబాటు అది. చెప్పకుండా పగ్గం చేతిలో పెట్టినవాడుంటే, ఆ తండాలో ఎవడితోనూ ఆ సంతలో మళ్లీ తువ్వాల కప్పరు. చిన్నప్పుడు ఒక ఎద్దుకు రాత్రిళ్లు దగ్గు ఉందని రాందాస్ అరిచి చెబితే, కొనేవాడు లేక దాన్ని మళ్లీ ఇంటికి తోలుకొచ్చారు. దారి పొడుగునా రూప్లి తల్లి రాందాస్‌ను తిట్టింది. అతను పగ్గం పట్టుకొని ముందు నడిచాడు.

ఈ షోరూంలో అంతా తిరగేసి ఉంది. ధర కమాను మీద అరుస్తోంది. ఐబు ఏడో లైనులో చీమ తలకాయంత అక్షరాల్లో దాక్కుంది. అది కూడా లేదని.

"నాకు ఎరుకేనాయె," అంది రూప్లి. "ఎరుక లేదని ఎట్ల రాస్త?"

"మీరు రాయక్కర్లేదమ్మా, రాసే ఉంది. మీరు సంతకం పెట్టండి చాలు. అయినా మా సర్వీసోళ్లు నాలుగుసార్లు ఓకే అన్నారుగా. కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి."

"అంటే ఐబు లేదంటరు."

"లేదు."

"మరి లేనప్పుడు మీరెందుకు ఫోన్ జేసిండ్రు? ఖమ్మంల ఇన్ని బండ్లుంటే నా బండి మీదనే ఎందుకు ప్రేమ పుట్టింది?"

వెంకటకృష్ణ నవ్వాడు. ఆ నవ్వు పళ్లదాకా వచ్చి ఆగిపోయింది. "మీ మంచి కోసమే కదమ్మా."

సోమ్లా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "పెట్టవే. సోమారం అరవైమంది మనకోసం చూస్తరు. కొత్త బండి లేకుంటే వాళ్లు వేరే కిరాయి బండి మాట్లాడుకుంటరు. సీజన్ పోతది. బండి పోతది. లోనోళ్లు ఇంటి మీదికొస్తరు."

అదంతా నిజమే. సంతకం పెడితే అన్నీ నిలుస్తాయి. పెట్టకపోతే ఆ రోగిష్టి బండి, పోయిన సీజను. రూప్లికి ఈ రెండే కనపడుతున్నాయి.

"సరే, ఆగు. బండిల నా సామాన్లున్నయ్. తెచ్చుకుంట," అని లేచింది. ఆలోచించుకోవడానికి వేరే చోటు లేక లేచింది.

వెనక దొడ్లో బండిని అప్పుడే కడిగేశారు. పామాయిల్ చెట్టు గుద్దిన చోట సొట్టను సుత్తితో కొట్టి పైపైన రంగు చల్లారు. పొద్దున వచ్చిన బండికి మధ్యాహ్నానికి ఇంత పని ఎప్పుడు చేశారో! కూల్‌డ్రింకు తాగే లోపల గోరి చెయ్యి విరిగిన ఆనవాలు చెరిపేశారు. దాని ముందు ఒక మనిషి నిలబడి, భుజం మీది తువ్వాలతో అద్దం తుడుస్తున్నాడు. నడివయసు, నల్లటి బక్క మనిషి.

"బండి నీదా చెల్లే?" అన్నాడు. "నా పేరు బొజ్జయ్య. మాది భద్రాచలం అవతల, గోదారి దాటాక కోయగూడెం. దీన్ని నేను తీసుకుంటున్నా."

"ఇదే బండా?"

"ఇదే. మా గూడేనికి దవాఖానా ఇరవై మైళ్లు. పోయినేడు మా వదిన్ని మంచం మీద మోసుకపోతుంటే దారిలోనే పోయింది. ఊరంతా కలిసి కొనుక్కుంటున్నం. కంపెనీ చెక్ జేసిన బండంట. కాగితం గూడ ఇస్తారంట."

"ఏం కాగితం?"

"నువ్వు రాసిస్తావంటగా. ఏ లోపం లేదని."

రూప్లి బండి తలుపు పట్టుకొని నిలబడిపోయింది. తన పేరు మీద, తన వంకర అక్షరాల సంతకం మీద ఆ గూడెమంతా ఎక్కి కూర్చోబోతోంది.

"అన్నా," అంది. "దీనికి ఐబుంది. బరువుతోటి దిగుడుల బ్రేకు కిందికి పోతది. మూడుసార్లు పోయింది. మా చెల్లె చెయ్యి ఇరిగింది."

బొజ్జయ్య తువ్వాల దించాడు. అయితే నాకీ బండి వద్దంటాడని ఆమె అనుకుంది, అతను ఆ మాట అనలేదు.

"ఐబు లేకపోతే ఈ ధరకు మాకెవడిస్తాడు చెల్లే? మాకొచ్చేవన్నీ గిట్లాంటివే. మేం మెల్లగా నడుపుకుంటం."

"మేం ఉరికిచ్చినమా? మేం గూడ మెల్లగనే నడిపినం."

"అయితే ఏం జేయమంటవ్?" అతని గొంతు లేచింది. "నువ్వు కొత్తది ఎక్కి పోతవ్. మాకు ఇదన్నా లేకుండ జేస్తవ్. మళ్లీ మంచం మోయమంటవా?"

అతని కోపం ఆమె మీద పడాల్సింది కాదు. కానీ పేదవాడి కోపం ఎప్పుడూ దగ్గర్లో ఉన్నవాళ్ల మీదే పడుతుంది, ఏసీ గదిదాకా వెళ్లదు. అంతలో ఏసీ గదే అక్కడికి వచ్చింది. వెంకటకృష్ణ పరుగులాంటి నడకతో వస్తున్నాడు. వెనక సోమ్లా.

"ఏంటమ్మా, మా కస్టమర్‌తో ఏం మాట్లాడుతున్నారు?"

"మంచిగొచ్చినవ్ సారూ. ఎక్కు."

"ఎక్కడికి?"

"ముందు సీట్ల. నా పెనిమిటి నడుపుతడు. ఈ అన్న కూసుంటడు, నేను కూసుంట, మేళాకొచ్చినోళ్లను ఇంకో ఆరుగురిని పిలుస్త. పదిమందిమయితం. ఎక్కడన్న మంచి గుట్ట జూసి నాలుగు దిగుళ్లు దిగుదం. ఐబు లేదంటివి గద. ఎక్కు."

"నాకు పనుంది. బయట కస్టమర్లు..."

"పావుగంట."

"ఇదేం పద్ధతమ్మా?" వెంకటకృష్ణ ఒక అడుగు వెనక్కి వేశాడు. బండినుంచి దూరంగా వేశాడు.

ఆ ఒక్క అడుగు బొజ్జయ్య చూశాడు. "ఎందుకెక్కవు సారూ?" అన్నాడు మెల్లగా. "మా గూడెమోళ్లను ఎక్కమంటివి గదా?"

రూప్లి షోరూం లోపలికి వెళ్లింది. అందరూ ఆమె వెనక వెళ్లారు. బల్ల మీది కాగితం తీసుకొని, వెంకటకృష్ణ పెన్నుతోనే, ఏడో లైనులో 'లేదని' అన్న మాటను అడ్డంగా కొట్టేసింది. పైన రాసింది. 'ఉంది. బరువుతో దిగుడు మీద బ్రేకు కిందికి పోతది.' జాగా చాలక చివరి అక్షరాలు ఎనిమిదో లైను మీద పడ్డాయి. కింద సంతకం పెట్టింది. మూడు చోట్లా పెట్టింది.

"ఇగో. ఇప్పుడు తీసుకో బండి."

వెంకటకృష్ణ మెత్తదనం అక్కడితో అయిపోయింది. "ఈ కాగితం చెల్లదు. ఎక్స్చేంజ్ క్యాన్సిల్. తీసుకుపో నీ డొక్కు బండి. నీ అడవి డ్రైవరుతోనే నడిపించుకో."

సోమ్లా అప్పటిదాకా తల దించుకొనే ఉన్నాడు. కొత్త బండి కళ్లముందే పోయింది, సోమవారం పోయింది. పెళ్లాం మీద అరుస్తాడనే అనుకున్నారంతా. అతను బల్ల మీది తాళంచెవి తీసుకున్నాడు. వెనక దొడ్లోకి వెళ్లాడు. దొడ్డి గేటునుంచి బండి బయటికొచ్చి, షోరూం చుట్టూ తిరిగి, కమాను కిందికొచ్చి, గేటుకు అడ్డంగా నిలబడింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా సరిగ్గా సరిపోయింది. పెద్ద బండి కొన్నందుకు అక్కరకొచ్చిన రోజు అదొక్కటే. సోమ్లా దిగి టైర్ల కింద రాళ్లు పెట్టాడు.

"ఏయ్! తియ్ బండి!" వెంకటకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. లోపల నాలుగు కార్లు, బయట ఆరు కార్లు హారన్లు కొడుతున్నాయి.

"నేను తీయ సారూ," అన్నాడు సోమ్లా. చాలా రోజులకు అతని గొంతు సరిగ్గా పలికింది. "నా కాలు మంచిది కాదంటిరి గద. బండి మంచిదంటిరి. మీ కాలు మంచిదే గద, మీరే తీయుండ్రి." తాళంచెవి చాపాడు.

వెంకటకృష్ణ దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న పనివాడికి కనుసైగ చేశాడు. వాడు చెప్పు జారినట్టు కిందికి చూశాడు.

"పోలీసులను పిలుస్తా."

"పిలువు," అంది రూప్లి. "వాళ్లను గూడ ఎక్కిచ్చుకొని గుట్ట దిగుదం."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. మైకువాడు అరవడం ఆపేసి నోరు తెరుచుకొని చూస్తున్నాడు. రూప్లి వాడి బల్ల దగ్గరికి వెళ్లింది. "పొద్దున్నుంచి ధర నువ్వు జెప్తున్నవ్. ఐబు నేను జెప్త, ఇటియ్యి." వాడు ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడో వాడికే తెలియదు.

మైకులో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి. నోటికి మరీ దగ్గరగా పట్టుకుంది, అది గీపెట్టింది, దూరం జరిపింది. "ఈ బండి నాది. పేరు రూప్లి. దీనికి ఐబుంది. పదిమంది ఎక్కితే, దిగుడు వస్తే, బ్రేకు పడదు. వీళ్లకు ఎరుకే. నాలుగుసార్లు ఓకే రాసిండ్రు. మా చెల్లె చెయ్యి ఇరిగింది. ఇప్పుడు రంగేసి కోయోళ్లకు అంటగడుతున్నరు. మీరు గూడ ఇక్కడ పాత బండి కొంటే, అమ్మినోడు ఏడో లైనుల ఏం రాసిండో అడుగుండ్రి. అంతే."

హారన్లు ఆగాయి. పాత బండ్ల వరుస దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకతను తాను చూస్తున్న కారు బానెట్ మూసేసి, ఏదో కాగితం చూపించమని సేల్స్ కుర్రాణ్ని అడుగుతున్నాడు. ఇంకొకతను కూడా.

వెంకటకృష్ణ ఫోన్ పట్టుకొని లోపలికి పోయాడు. అద్దంలోనుంచి చేతులు ఊపడం కనిపించింది. కాసేపటికి వర్క్‌షాపు మేస్త్రీ రామ్‌చందర్ గ్రీజు చేతులతో బయటికొచ్చాడు. నాలుగుసార్లు ఓకే రాసిన చెయ్యి అదే. రిపేర్లు రాసే జాబ్‌కార్డు పుస్తకం బానెట్ మీద పెట్టాడు.

"బ్రేకు పార్టు మారుస్తరంట," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "హైదరాబాదు నుంచి రావాలె. పది రోజులు. ఊరికెనే మారుస్తరంట. బండి తీయమంటుండ్రు."

"ముందు రాయి."

"ఏమని రాయాలె?"

"నీకెరుక లేదా అన్నా?"

రామ్‌చందర్ పెన్ను మూత తీశాడు. "ఎరుకే," అన్నాడు. "బండి లోడుతోటి జూస్తనంటే వద్దన్నరు." వంగి రాశాడు. ఆమె వేలు పెట్టి చదివింది. ఎక్కడా ఓకే లేదు. బ్రేకు లోపం ఉందనే ఉంది.

"ముద్ర ఏది?"

"ముద్ర లోపలుంటది. మేనేజర్ దగ్గర."

"తే మరి."

"ఆయన ఏస్తడో ఏయడో..."

"ఏసేదాక బండి ఈడ్నే ఉంటది. ఇంకోటి గూడ చెప్పు. పార్టు వచ్చేదాక మా కూలోళ్లను మీ బండ్లల్ల దించాలె. సోమారం పొద్దుగాల. అది గూడ రాసి ముద్రేయమను."

రామ్‌చందర్ కార్డు పట్టుకొని లోపలికి పోయాడు. సోమ్లా బండి నీడలో గొంతుక్కూర్చున్నాడు. "అది ఒప్పుకోరే," అన్నాడు. "సోమారం ఎట్ల?"

"ఒప్పుకోకుంటే సోమారం ఆడోళ్లంత ఈడికే వస్తరు. సద్దిగిన్నెలు గూడ తెమ్మంట," అంది రూప్లి. సోమ్లా నోరు తెరిచి ఆమెను చూశాడు, తర్వాత నవ్వాడు.

బొజ్జయ్య ఇంకా పోలేదు. కమాను కర్రకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. అతని కోపం పూర్తిగా దిగలేదు. ఊరికి ఏం చెప్పాలో తెలియని మొహం. నెమ్మదిగా వచ్చి బండి మీద చెయ్యేసి తట్టాడు.

"చెల్లే, ఒక మాట. పార్టు మార్చి, బ్రేకు మంచిగైతే అప్పుడు నాకు అమ్ముతవా?"

"మంచిగైతే నేనెందుకు అమ్ముత అన్నా?"

బొజ్జయ్య ఆమెను చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత తువ్వాల దులిపి, సోమ్లా పక్కన, షోరూం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

"అయితే నాకు గూడ ఒక కొత్త బండి అడుగు," అన్నాడు. "ఎట్లాగూ కూర్చున్నం గదా."